బద్ధకమా, జబ్బా?

కోడలు పొద్దున ఆలస్యంగా లేచినా, పని మధ్యలో చతికిలబడినా మన ఇళ్లలో "దానికి ఒళ్లు బరువు" అనే మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. పల్నాడు మిరప కోతల్లోనూ అంతే. తోటివాళ్లతో సమానంగా కాయ కోయలేని మనిషికి బద్ధకస్తురాలన్న పేరు పడిపోతుంది. ఇక ఫజ్ర్ నమాజుకు లేవలేకపోతే మాట మరింత పదునెక్కుతుంది, ఏకంగా ఈమాన్‌నే శంకిస్తారు. ఒకరి మందకొడితనాన్ని పాపం ఖాతాలో రాసే ముందు గొంతు ముందు భాగంలో ఉన్న థైరాయిడ్ గ్రంథి గురించి కాస్త తెలుసుకోవాలి.

సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ చిన్న గ్రంథి మనం తిన్న ఆహారంలోని అయోడిన్‌ను రక్తం నుంచి పట్టుకుని రెండు హార్మోన్లు తయారు చేస్తుంది. నాలుగు అయోడిన్ పరమాణువులున్నది టీ4, మూడున్నది టీ3. గ్రంథి ఎక్కువగా విడుదల చేసేది టీ4నే. కాలేయం, మూత్రపిండాల వంటి అవయవాలు అందులోంచి ఒక అయోడిన్‌ను తీసేసి టీ3గా మారుస్తాయి. అసలు పని చేసేది ఆ టీ3. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, ఒంట్లో ఎంత వేడి పుట్టాలి, తిన్నది ఎంత త్వరగా ఖర్చు కావాలి అన్నవి చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంటాయి.

ఈ తయారీకి కాపలా మెదడులో ఉంది. రక్తంలో హార్మోన్ తగ్గితే హైపోథాలమస్ పీయూష గ్రంథికి కబురు పంపుతుంది. పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను పంపి థైరాయిడ్‌ను తొందరపెడుతుంది. చాలినంత తయారవగానే పై రెండూ తగ్గిపోతాయి. మనకు తెలియకుండానే, మన అనుమతి అడగకుండానే రాత్రింబవళ్లు సాగే ఏర్పాటు ఇది. రిపోర్టు చూసి చాలామంది తికమకపడేదీ ఇక్కడే. టీఎస్‌హెచ్ అంకె పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ మందగించిందని అర్థం. గ్రంథి పలకడం లేదు గనుక పైనుంచి కేకలు పెరిగాయన్నమాట.

సముద్రం పక్కనే ఉన్న మనకు అయోడిన్ లోటేమిటని కొందరు అడుగుతారు. 2022 వరకు ప్రకాశం జిల్లాలో, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చినగంజాం ఉప్పు కొఠార్లు అందరికీ తెలిసినవే. కానీ సముద్రపు నీటిని ఎండగట్టి తీసిన ఉప్పులో సహజంగా అయోడిన్ నిలిచేది బహు స్వల్పం, విడిగా కలపాల్సిందే. పెద్దవారికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. ఆ కాస్త లేకపోతే గొంతు వాస్తుంది, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అయితే అయోడిన్ ఉప్పు వాడే ఇళ్లలోనూ ఈ జబ్బు వస్తుంది. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి గ్రంథి మీద దాడి చేయడం దానికి ముఖ్య కారణం. ఇది మగవారికన్నా ఆడవారిలో బాగా ఎక్కువ.

హార్మోన్ తగ్గితే నీరసం, మలబద్ధకం, మతిమరుపు వస్తాయి. నలుగురూ ఉక్కపోతతో ఉంటే ఆమెకు చలేస్తుంది. ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, ఊరికే చిరాకు. అంటే మనం "స్వభావం" అనుకునేదాంట్లో కొంత స్వభావమే కాకపోవచ్చు. అలాగని ప్రతి బద్ధకానికీ, ప్రతి కోపానికీ గ్రంథిని అడ్డం పెట్టుకోవడమూ సరి కాదు. రక్తపరీక్ష ఉన్నది ఆ తేడా తేల్చడానికే. మనిషి జవాబు చెప్పుకోవలసింది తన చేతిలో ఉన్నదానికి. గ్రంథి చేతిలో లేదు, మాత్ర ఉంది. చెడు అనుమానాలకు దూరంగా ఉండమన్న సూరె హుజురాత్ ఆదేశం మాత్రం పరీక్ష చేయించని అత్తగారికీ, భర్తకూ వర్తిస్తుంది.

మాత్ర విషయంలోనూ ఒక చిక్కుంది. ఒంట్లో టీ4 సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే మానేసిన రోజున ఏమీ తెలియదు, "నయమైపోయింది" అనుకుంటారు. కొన్ని వారాలకు మళ్లీ మొదటికొస్తుంది. మామూలుగా ఇచ్చే లెవోథైరాక్సిన్ రసాయనికంగా తయారు చేసిన మందే, జంతువుల గ్రంథి నుంచి తీసింది కాదు. ఖాళీ కడుపుతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

రోగికి రోజాలో సడలింపు ఉంది గానీ, మాత్రతో జబ్బు అదుపులో ఉన్న చాలామంది డాక్టరును అడిగి ఉపవాసం ఉండగలుగుతారు. కొందరికి రాత్రి పడుకునే ముందు, మరికొందరికి సహరీకి అరగంట ముందు వేసుకోమంటారు. ఆ అరగంట ముందు ఆమెను ఎవరు లేపాలో రమజాన్ నెలవంక కనిపించకముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.