సెలవు

తెలుగులో సెలవు అన్న మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. పనికి పోని రోజు సెలవు, పెద్దల అనుమతి సెలవు, వీడుకోలు కూడా సెలవే. అదే మాట తమిళంలో ఖర్చు. పెరంబూరులో రెండు భాషల మధ్య పెరిగిన మాబోటివాళ్లకు ఈ అర్థాలన్నీ కలిసే వినిపిస్తాయి. మూడు రోజులు ఎక్కడికైనా పోయివద్దామంటే ముందు ఎవరి అనుమతి కావాలా అని ఆలోచిస్తాం, వెంటనే ఎంత ఖర్చవుతుందా అని. పని మానే సంగతి చివరికి గుర్తుకొస్తుంది.

మన ఇళ్లలో ఊరికే ప్రయాణం కట్టే అలవాటు లేదు. పెళ్లికి పోతాం, చావుకు పోతాం, మొక్కు ఉంటే తిరుపతికి పోతాం. సముద్రం ఒడ్డున చేతులు ముడుచుకుని కూర్చోవడానికి పోతున్నామని బంధువులతో చెప్పాలంటే నోరు రాదు. మా అమ్మాయి మొదట మధ్యధరా తీరంలోని నీస్ పట్టణం పేరెత్తింది. టిక్కెట్ల ధర చూశాక ఫ్రెంచివాళ్లు ఏలిన ఇంకో సముద్రతీరానికి, నూటయాభై కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరికి దిగివచ్చింది. దానికే ఒక కాగితం నిండా కార్యక్రమం రాసింది. ఆరు గంటలకు సూర్యోదయం, ఎనిమిదికి టిఫిను, తొమ్మిదికి ఆశ్రమం, పదకొండుకు మ్యూజియం. ఇది చూస్తే బి అండ్ సి మిల్లు సైరను మళ్లీ మోగుతున్నట్టుంది. ఆ మిల్లు 1996లోనే మూతపడింది, దాని గడియారం మాత్రం మన తలల్లో తిరుగుతూనే ఉంది.

తీరిక అన్న మాట తీరడం నుంచి వచ్చింది. పని తీరితే మిగిలేది తీరిక. కాని ఇంటిపని ఎవరికి తీరింది? పని పూర్తిగా తీరాకే విశ్రాంతి అన్నవాడికి విశ్రాంతి అంటూ ఉండదు. అందుకే విశ్రాంతి బహుమానం కాదు, హక్కు అని నా అభిప్రాయం. ఈ మాట పెరంబూరులో కొత్తదేమీ కాదు. 1918 ఏప్రిల్ 27న బి.పి. వాడియా అధ్యక్షుడుగా మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. దానికి పూనుకున్నవాళ్లలో రామానుజులు నాయుడు, సెల్వపతి చెట్టి ముఖ్యులు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే వ్యవధి చాలడంలేదన్నది మిల్లు కార్మికుల పెద్ద ఫిర్యాదుల్లో ఒకటి. మూడు రోజుల విహారం మాట దేవుడెరుగు, నాలుగు ముద్దలు నెమ్మదిగా మింగే నిమిషాల కోసం వాళ్లు కూడారు.

నీస్ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడ సముద్రం వెంబడి పేరుపొందిన విహారమార్గం ఒకటుంది, ఇంగ్లీషువాళ్ల పేరుతోనే. చలికాలం గడపడానికి వచ్చిన ఇంగ్లీషు ధనికులు 1820ల్లో చందాలు వేసుకుని, ఆకలితో పట్టణం చేరిన బీదలకు కూలి ఇచ్చి వేయించిన దారి అది. బీదలకు అన్నం దొరికింది, ధనికులకు షికారు దొరికింది. మంచిపనే, కాదనను. అయినా దారి వేసినవాడు ఆ దారిన తీరిగ్గా నడవడానికి వందేళ్లు దాటాయి. 1936లో ఫ్రాన్సు ప్రభుత్వం కార్మికులకు ఏటా రెండు వారాలు జీతంతో కూడిన సెలవు ఇచ్చి, రైలు ఛార్జీలు తగ్గించింది. సముద్రం ఎన్నడూ చూడని కుటుంబాలు ఆ వేసవిలో మొదటిసారి తీరాలకు చేరాయి. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇరవై రోజుల పనికి ఒకరోజు చొప్పున జీతంతో సెలవు ఇచ్చింది. తమిళనాడులో 2021లో చట్టం సవరించాక గాని దుకాణాల్లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు రాలేదు.

ఈ లెక్కల్లో ఎక్కడా చేరని మనిషి మా ఇంట్లోనే ఉంది. మేం పుదుచ్చేరి పోతే ఆ మూడు రోజులూ మా పనిమనిషికి అంట్లు లేవు. "ఆ రోజుల జీతం కోస్తామా, ఇస్తామా?" అని నా భార్య అడిగింది. మా వీధిలో కోసేవాళ్లే ఎక్కువ. పని లేదు కనుక కూలి లేదన్నది వాళ్ల న్యాయం. నాకు ఉద్యోగం ఉన్న రోజుల్లో సెలవు పెడితే జీతం ఆగలేదు. మేం విశ్రాంతి తీసుకున్నందుకు ఆమె కూలి ఎందుకు ఆగాలి? లోకంలో ఎందరికో దక్కని విశ్రాంతి మనకెందుకు అంటూ ప్రయాణం మానుకునేవాళ్లూ ఉన్నారు. ఆ పశ్చాత్తాపం చౌక సరుకు. మనం ఇంట్లో కూర్చుంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు, ఇంకో నాలుగు గిన్నెలు తోమడం తప్ప.

కనుక జీతం ఇస్తున్నాం. బస చేసే చోట గది తుడిచే మనిషికి మా సరదా రోజే పనిరోజు, దాన్ని మేం మార్చలేం. శని, ఆదివారాల రద్దీ మాని మంగళవారం బయలుదేరితే ఆ మనిషి మీద ఒక గది బరువైనా తగ్గుతుందేమో. అమ్మాయి కాగితంలో సాయంత్రం బీచ్ రోడ్డు నడక ఒక్కటే ఉంచి, మిగతావి కొట్టేశాం. ఆ వేళకు అక్కడ వాహనాలు ఆపేస్తారు, పిల్లలు రోడ్డు మధ్యన పరుగెత్తవచ్చు.

జీతంతో సెలవని చెప్పినప్పుడు పనిమనిషి సంతోషించింది. తర్వాత కాసేపు లెక్కవేసుకుని, మా ఇంటి గంట ఖాళీ అయింది గనుక ఆ మూడు రోజులూ పక్క వీధిలో ఇంకో ఇంటికి వస్తానని ఒప్పుకుంటానంది.