నీరుగంటి దాహం

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో ఒక నీరుగంటి ఉండేవాడు. చెరువు తూము ఎత్తడం, ఏ పొలానికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసి పంచడం ఆయన పని. కళ్లంలో రైతులు కొలిచిచ్చే గింజలే ఆయన కూలి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమ అది. అలాంటి చోట తగాదా రాకుండా నలభై ఏళ్లు నీళ్లు పంచాడంటే ఎలాంటి మనిషో మీరే ఊహించుకోండి.

ఆయనకొక పట్టింపు ఉండేది. వంతు వచ్చినా సరే, రైతు వచ్చి గెనిమ మీద నిలబడితే తప్ప ఆ మడికి మడవ తీసేవాడు కాదు. అర్ధరాత్రి వంతు పడితే ఆ రైతు ఇంటిదాకా పోయి, వాకిలి బయట నిలబడి దగ్గి, లేపి వెంటబెట్టుకుని వచ్చేవాడు. పొద్దుపోయిందని, పని తొందరగా తెముల్తుందని, ఒక్కసారి కూడా తన పారతో ఇంకొకడి మడవ తీయలేదు.

కాలం గడిచింది. చెరువు ఎండింది. కాలువల నిండా సర్కారు తుమ్మ మొలిచింది. ఊరు బోర్లను నమ్ముకుంది, బోర్లు ఎండిపోయాక ట్యాంకర్లను నమ్ముకుంది. నీరుగంటి పెద్దకొడుకు బెంగళూరుకు బేల్దారి పనికి పోయాడు. చిన్నకొడుకు నాలుగెకరాల్లో శెనక్కాయ వేసుకుంటూ తండ్రి దగ్గర ఉండిపోయాడు. ఒక వేసవి తెల్లవారుజామున నీరుగంటికి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట పోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు.

చిన్నకొడుకు తండ్రిని ప్రాణంలా చూసుకున్నాడు. నలుగురి కళ్ల ముందు ఉంటే మంచిదని మంచం వీధి పంచలో వేశాడు. ట్యాంకరు వచ్చిన రోజు తండ్రిని ఎత్తుకొచ్చి, వాకిట్లో బండమీద కూర్చోబెట్టి, ఒంటిమీది గుడ్డ లాగేసి, నెత్తిన నీళ్లు గుమ్మరించేవాడు. పది అడుగుల దూరంలో ఊరి ఆడవాళ్లు బిందెలు వరసపెట్టుకుని నిలబడి ఉండేవారు. గంజి మీసాలకు అంటుకుంటోందని మంగలిని పిలిపించి, నలభై ఏళ్ల మీసాలను ఒక్క పూటలో తీయించేశాడు. ఒంటికి పోవాలా అని వీధిలోంచే కేకేసి అడిగేవాడు. తాను చేనికి పోయినప్పుడు గుడ్డ మార్చమని భార్యకు అప్పజెప్పేవాడు. ఆమె వస్తుంటే ముసలాయన కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి, మంచం పట్టిన పక్షవాత రోగులకు ప్రభుత్వమిచ్చే 15,000 రూపాయల పెన్షన్ ఇంటికి తెచ్చినప్పుడు, చుట్టూ మూగిన వాళ్లకు దుప్పటి తీసి పడిపోయిన కాలు చూపించేవాడు కొడుకు. వీటిలో ఒక్కటీ చెడు మనసుతో చేసింది కాదు. ఊరంతా అతన్ని శ్రవణకుమారుడంది. నేనూ ఆ మాట కాదనను.

కొన్నాళ్లకు నీరుగంటి నీళ్లు తాగడం తగ్గించాడు. గ్లాసు పెదవికి ఆనిస్తే రెండు గుక్కలు మింగి మొహం పక్కకు తిప్పేసుకునేవాడు. దానికి ఊరు ఇంకా మురిసిపోయింది. నీటి విలువ తెలిసినవాడు కాబట్టి మంచాన పడ్డా చుక్క వృథా కానివ్వడం లేదని రచ్చబండ దగ్గర చెప్పుకున్నారు. బడిలో అయ్యవారు పిల్లలకు ఆయన్ని చూపించి పొదుపు నేర్పాడు. కొడుకు గర్వపడ్డాడు.

నెల తిరక్కుండానే ముసలాయన పెదాలు పగిలాయి. నాలుక పిడచగట్టింది. జ్వరం పట్టుకుని ఒళ్లు కాలిపోయింది. కొడుకు ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు సెలైన్ ఎక్కించి, ఒంట్లో నీళ్లు ఎండిపోయి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిందని చెప్పాడు.

ఆ వార్డులో ఒక ఆయమ్మ ఉండేది. ఒళ్లు తుడవడానికి వచ్చిన ఆమె ముందుగా మంచం చుట్టూ పచ్చతెర లాగింది. వంగి, తాను ఏం చేయబోతోందో నెమ్మదిగా చెప్పింది. కావాలంటే మగమనిషిని పంపుతానంది. ముసలాయన అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కొడుకు లోపల ఉండాలా, బయటికి పోవాలా అన్నది కూడా ఆమె ఆయన్నే అడిగింది. ఉండనిమ్మని ఆయన సైగ చేశాడు.

ఆమె గిన్నెలో నీళ్లు పోసి, ఆయన ఎడమచేతి వేళ్లు అందులో ముంచి, వేడి సరిపోయిందా అన్నట్టు మొహంలోకి చూసింది. ఆయన తల ఊపాకే పని మొదలుపెట్టింది. దుప్పటి మొత్తం తీయలేదు. ఒక చెయ్యి బయటికి తీసి, తుడిచి, కప్పి, తర్వాతే రెండో చెయ్యి తీసింది. నడుము దగ్గరికి వచ్చేసరికి తడిగుడ్డ పిండి ఆయన ఎడమచేతిలో పెట్టి, తాను అటు తిరిగి నిలబడింది. ఒంటి చేత్తో ఆ పని చేసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. రెండుసార్లు గుడ్డ జారింది. బయట ఇంకో ఆరు మంచాల పని మిగిలి ఉన్నా ఆమె తొందరపెట్టలేదు. ఆయన గుడ్డతో మంచంపట్టీ మీద తట్టాక ఇటు తిరిగింది.

ఆ సాయంత్రం నీరుగంటి తనంతట తానే నీళ్లచెంబు వైపు చెయ్యి చూపించాడు. చెంబెడు నీళ్లూ తాగాడు. కొడుకు ఆ ఖాళీ చెంబు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పరాయి వాకిళ్ల బయట నిలబడి దగ్గిన తండ్రి గుర్తొచ్చాడు.

ఇంటికి రాగానే మంచాన్ని లోపలి గదికి మార్చాడు. చనిపోయిన తల్లి చీరను తెరగా కట్టాడు. పాత ఎద్దు మెడగంట తెచ్చి, తండ్రి ఎడమచేతికి అందేలా మంచంకోడుకు వేలాడదీశాడు. అవసరమైతే ముసలాయనే గంట కొట్టేవాడు. ఆ తర్వాత వీధిలో కేకలు వినపడలేదు. గుడ్డ మార్చే పని కొడుకు తానే పెట్టుకున్నాడు. స్నానం తెల్లవారక ముందుకు మారింది. చెరువు నిండుగా ఉన్న రోజుల్లో నీరుగంటి మునిగింది ఆ వేళకే. ఈ రోజు వద్దని ఆయన సైగ చేస్తే కొడుకు ఊరుకున్నాడు. మొదటిరోజు చెంబు నింపి తండ్రి ఎడమచేతికి అందించి పక్కన నిలబడ్డాడు. సగం నీళ్లు నేలపాలయ్యాయి, సగం భుజం మీద పడ్డాయి. వానాకాలం వచ్చేసరికి మీసాలు మళ్లీ మొలిచాయి. నీరుగంటి పొదుపు గురించి ఊళ్లో చెప్పుకోవడం ఆగిపోయింది, ఎందుకంటే ఆయన దాహమైనప్పుడల్లా తాగుతున్నాడు.

పదిమందిలో గుడ్డ విప్పించుకోవడం కంటే గొంతెండి పోవడమే మేలనుకున్నాడు ఆ పెద్దమనిషి, దాన్ని మనం పొదుపన్నాం. సేవచేసే వాళ్ల చేతిలో నీళ్లుంటాయి, ఓపిక ఉంటుంది; ఒళ్లు మాత్రం మంచం మీదున్న మనిషిది, ఆ మడవ ఆయన సరేనన్నాకే తీయాలి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా తీర్పిచ్చారు, ఆ కేసు వేసిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామికి అప్పటికి 91 ఏళ్లు.

మీ ఇంట్లో మంచాన ఉన్న పెద్దవాళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తే డాక్టరుకు చూపించండి. ఈ పూటే ఆ మంచం చుట్టూ ఒక చీర కట్టండి.