స్మృతి ప్రమాణమా?

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని అనుభవమనీ స్మృతి అనీ విభజించి, పూర్వానుభవం మిగిల్చిన సంస్కారం వల్ల మాత్రమే పుట్టేది స్మృతి అన్నాడు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దానిని ప్రమలో, అంటే యథార్థానుభవంలో, చేర్చలేదు. ఈ నిర్ణయాన్ని పరీక్షించడానికి, 1948-49లో బెర్లిన్‌కు విమానాల ద్వారా సరుకులు చేరవేసినప్పుడు అక్కడి టెంపెల్‌హోఫ్ విమానాశ్రయంలో వాడినటువంటి, నేడు పౌర విమానాశ్రయాల నుంచి దాదాపు కనుమరుగైన అవతరణ రాడార్ల గురించి విశ్రాంత నియంత్రకులు చెప్పే జ్ఞాపకాలు ఎంతో ఉపకరిస్తాయి. ఆ రాడార్‌లో ఒక యాంటెన్నా పక్కలకూ, మరొకటి పైకీ కిందికీ గాలిస్తుండగా, తెరపై కదిలే చుక్కను చూస్తూ నియంత్రకుడు విమానం దారి ఎంత తప్పిందో ఎడతెగకుండా చెబుతుండేవాడు. రన్‌వే కనిపించని మంచులో పైలట్, చివరి దశలో బదులైనా పలకకుండా, ఆ మాటనే నమ్మి కిందికి దిగివచ్చేవాడు. ఆప్తవాక్యం, అంటే ఉన్నదున్నట్లు ఎరిగి చెప్పేవాని మాట, ప్రమాణమనడానికి ఇంతకన్న స్వచ్ఛమైన ఉదాహరణ అరుదు.

యంత్రాన్ని తొలగించాక, వాన మసకలో విమానపు చుక్కను వేరుచేసి గుర్తించిన ఆ చూపు స్మృతిలోనే మిగిలింది. నిర్మాణ పటాలు యంత్రం పనితీరును చెప్పగలవే గాని ఆ చూపును చెప్పలేవు. అయితే వక్తకు స్మృతి అయినది, తొలిసారి వినే శ్రోతకు శబ్దం, అంటే ఆప్తవాక్యం, వల్ల కలిగే కొత్త అనుభవమే అవుతుంది కనుక, ఆ వృద్ధుల మాటను గతస్మరణమని తోసివేయడానికి న్యాయశాస్త్రం ఒప్పదు. ఏళ్లు గడిచి సంస్కారం మసకబారినప్పుడు వక్త ఆప్తత్వం ఎంత నిలుస్తుందన్నది మాత్రం కఠినమైన ప్రశ్న. ఒకే గదిలో పనిచేసిన నలుగురి మాటలను ఒకదానితో ఒకటి సరిచూడవలసి రావడం అందువల్లనే.