పేరులేని మృతులకు మన బాకీ

బందరు చూడబోయిన వారిని డచ్చివారి సమాధుల వద్దకు తీసుకువెళ్తారు. పదిహేడవ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసినవారి పేర్లు, తేదీలు, వంశచిహ్నాలు ఆ రాతి పలకలపై ఉన్నాయి. పురావస్తు శాఖ వాటిని కాపాడుతోంది. మంచిదే.

అదే ఊరిమీదికి 1864 నవంబరు 1 రాత్రి తుఫానుతోబాటు సముద్రం లేచి వచ్చింది. ఆ రోజు సకల పునీతుల పండుగ. తెల్లవారితే మృతుల స్మరణ దినం. ఊరిలోను, చుట్టుపక్కల పల్లెల్లోను సుమారు 30,000 మంది పోయారు. వారిలో అత్యధికుల పేర్లు ఏ రాతిమీదా లేవు. పోయినవారిలో బీదలే ఎక్కువై ఉంటారు. రాతికి డబ్బు కావాలి కదా!

మరి వారసత్వం అని మనం దేనిని అంటున్నాం? మిగిలిన రాతినా, మిగలని మనిషినా?

సముద్రానికి ఇంత దూరాన నాగారంలో ఉన్న మనకెందుకు ఈ చర్చ అనవచ్చు. బ్రతికున్నవారికే ఇల్లు లేనప్పుడు చచ్చినవారికి స్తంభమెందుకు అనీ అనవచ్చు. ఈ రెండవ మాటను తేలికగా తోసివేయలేము. ప్రవక్తల సమాధులను అలంకరించేవారిని ప్రభువే మందలించారు. అయితే తోబీతు వీధిలో పడివున్న శవం కొరకు భోజనం వదలి లేచాడు. ఆ మృతుని పేరు గ్రంథం చెప్పదు.

ఫిలిప్పీన్స్‌లోని తక్లోబాన్ నగరాన్ని 2013 నవంబరు 8న తుఫాను ముంచెత్తింది. ఒడ్డున ఇళ్లమీదికి కొట్టుకువచ్చిన ఓడలలో ఒకదాని ముందుభాగాన్ని అక్కడే స్మారకంగా ఉంచారు. ప్రాణాలు తీసిన ఇనుమును రోజూ చూస్తూ బ్రతకడం ఎలా? నాకైతే అది కష్టమే అనిపిస్తుంది. కాని తీసివేస్తే, అక్కడ ఏమి జరిగిందో మనుమలకు ఎవరు చెబుతారు? 2015 జనవరిలో ఫ్రాన్సిస్ పాపుగారు ఆ ఊరికి వచ్చి, వానలో పసుపురంగు రెయిన్‌కోటు వేసుకొనే పూజ చేశారు. వ్రాసి తెచ్చుకున్న ప్రసంగం ప్రక్కన పెట్టి, మీకు చెప్పడానికి నావద్ద మాటలు లేవన్నారు.

మన తీరంలో మరొక రకం గుర్తు ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేల ప్రాణాలు తీసింది. తరువాత కోస్తా పల్లెల్లో తుఫాను షెల్టర్లు లేచాయి. చూడ ముచ్చటగా ఉండవు, యాత్రికులెవరూ వాటికొరకు రారు. 1990 మే నెలలో అదే తీరాన్ని పెనుతుఫాను తాకినప్పుడు లక్షకు పైగా జనాన్ని ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. 1977లో పోయినవారికి ఆ షెల్టరు గోడలే సమాధిరాయి అంటాను. దానిమీద వారి పేర్లు కూడా వ్రాసి ఉంటే బాగుండేది.