పదిదినముల పరీక్ష

ధ్యానభాగములు: దానియేలు 1:8-16; 1 కొరింథీయులకు 11:20-34



బబులోను రాజు తాను భుజించు భోజనమును, త్రాగు ద్రాక్షారసమును చెరపట్టబడిన యూదా యౌవనులకు ప్రతిదినము నియమించెను. దానియేలు దానిని వలదనెను. దేవుని యెదుట అపవిత్రుడు కాకూడదనియే అతడు అట్లు చేసెను. అయినను మనము గమనింపదగిన సంగతులు రెండు కలవు. హనన్యా, మిషాయేలు, అజర్యా అతనితో కూడ అవే శాకధాన్యాదులు తినిరి, అవే నీళ్లు త్రాగిరి. మరియు అతడు పది దినములు పరీక్షించి చూడుమని మాత్రమే అధికారిని వేడుకొనెను. నలుగురు కూడిరి, పది దినములు కోరిరి.

మనలో ఒకడు డాక్టరుగారి మాట విని రెండు దినములు ఉప్పు తగ్గించును. మూడవ దినమున పెండ్లివిందు వచ్చును, లేక చుట్టములు వత్తురు. తీర్మానము అంతటితో సరి. ఒంటరివాని తీర్మానము పచ్చిగోడ వంటిది, వానకు నిలువదు.

కూడి చేసిన పని నిలుచుననుటకు మన తెలుగునాటనే సాక్ష్యమున్నది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. అనేకుల ఆకలి తీరెను. అందుకు దేవునికి స్తోత్రము. అయితే జొన్నరొట్టె, కొర్రన్నము పేదల తిండియని చిన్నచూపు చూచుటయు మనలో పెరిగినది. ఆ 1983లోనే జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడెను. దాని గ్రామసంఘములలోని స్త్రీలలో అధికులు దళిత కుటుంబములవారు. 1990 తరువాతి సంవత్సరములలో వారు బీడుచేల సాగుకు అప్పులిప్పించి, ఆ అప్పును జొన్నలుగా తిరిగి తీసికొని, ఊరిలోనే నిలువచేసిరి. ఏ యిల్లు మిక్కిలి పేదదో ఊరివారే కూర్చుండి తేల్చి, ఆ యిండ్లకు చౌకగా ఇచ్చిరి. పాతపంటల జాతరయని ఎడ్లబండ్లమీద విత్తనములను ఊరూర త్రిప్పిరి. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము వారికి లభించెను. రాజు కోటలో దానియేలు శాకధాన్యములకు సిగ్గుపడలేదు. వీరును తమ జొన్నరొట్టెకు సిగ్గుపడలేదు.

ఇక కొరింథు సంఘమును చూడుడి. అక్కడ కొందరు ముందుగా తిని తృప్తిపొందిరి, కొందరు ఆకలితో నుండిరి. ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనవలెనని పౌలు వారిని గద్దించెను. మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? యజమానుడు తినును, కొడుకులు తిందురు, అతిథులు తిందురు. కడపట తల్లి కుండ గీకుకొని పచ్చడితో సరిపెట్టుకొనును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి ఆంధ్రప్రదేశములో 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత కనబడెను. దీనికి కారణములు పెక్కు గలవు. కడపటి పళ్లెము వాటిలో ఒకటి. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందు మనము, ఇంటిలో తల్లిని కడకు నెట్టుదుమా?

కావున వచ్చు ఆదివారము మొదలుకొని పది దినములు సంఘమంతయు కూడి ఇట్లు చేయుదము. అందరును ఒక్క పంక్తిని కూర్చుండి తిందము. పప్పు, కూర, గ్రుడ్డు ఆడువారికిని సమముగా వడ్డింతము. దినమునకొక పూట జొన్నరొట్టెయో రాగిసంకటియో ఆకుకూరతో తిని, నిమ్మకాయ పిండుకొందము. ఆహారములోని ఇనుము ఒంటికి పట్టకుండ టీ అడ్డుపడును గనుక, భోజనమైన వెంటనే టీ త్రాగకుందము. పచ్చడి, అప్పడములతో కలిపి మనిషికి దినమునకు ఒక చెంచాకు మించని ఉప్పు చాలును. కూటములలో చక్కెర టీకి మారుగా పలుచని మజ్జిగ ఇత్తము. సాయంకాలము ఇరుగుపొరుగువారు కలిసి అరగంట నడువుడి.

పది దినములలో రక్తము నిండునని మేము చెప్పము; అలవాటు మొదలగును. మందులు వాడువారు డాక్టరును అడుగక మానరాదు. గర్భిణీ స్త్రీలు ఇనుపమాత్రలు విడువరాదు. పదియవ సాయంకాలము ప్రతి యింటివారు ఒక్కొక్క గిన్నె తెచ్చి గుడియొద్ద కలిసి భుజింతము. ఆ దినమున ముందుగా తల్లులు కూర్చుందురు, పురుషులు వడ్డింతురు.

ప్రార్థన: మా అనుదినాహారము నిచ్చు తండ్రీ, నీ ఆత్మకు ఆలయమైన మా దేహములను కాపాడుకొను బుద్ధినిమ్ము. మా యింట కడపట తినువారిని మేము మరువకుండునట్లు చేయుము. ఆమేన్.