చేతిదా తప్పు, కర్రదా?

“ఆడలేక మద్దెల ఓడు” అని మనవాళ్లు ఎంత తేలిగ్గా అనేశారో చూడండి! తప్పంతా ఆడేవాళ్లదే, మద్దెలకి ఏ పాపమూ తెలియదు. చాలాసార్లు అది నిజమే అనుకోండి. కానీ ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓటిదైతే? లేదూ, మద్దెల మంచిదే, ఆ చేతికే అది సరిపడకపోతే? అప్పుడు మారవలసింది ఎవరు? మనిషా, పనిముట్టా?

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళితే అడవి అంచున కోయగూడేలు కనిపిస్తాయి. కోయల విల్లు వెదురుతో చేసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది గాని, పండుగల్లో, పోటీల్లో విల్లు ఇంకా ఉంది. బలానికి మించిన విల్లు పట్టిన వాడికి తాడు లాగడంతోనే సత్తువంతా అయిపోతుంది. చెయ్యి వణుకుతుంది, గురి తప్పుతుంది. మరీ మెత్తనిదైతే బాణం నాలుగడుగుల్లో కూలబడుతుంది. పదేళ్ల కుర్రాడికి తండ్రి విల్లు ఇచ్చి “ఎందుకు తగల్లేదురా?” అని కసరడం ఏం న్యాయం? 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ పట్టే కాంపౌండ్ విల్లు కూడా అంతే. ఎవరి చేతి పొడవుకి వాళ్లు అమర్చుకోవలసిందే.

విల్లు సరే, దొరల ఆట అని మనం నవ్వుకునే గోల్ఫులోనూ ఇదే సంగతి. అందులో బంతిని చివర గుంటలోకి మెల్లిగా దొర్లించే కర్రని పట్టర్ అంటారు. కొందరు దాన్ని తిన్నగా వెనక్కీ ముందుకీ ఆడిస్తారు. కొందరి చెయ్యి తలుపు తీసి వేసినట్టు కాస్త వంపు తిరుగుతుంది. కర్రని వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూస్తారు. బంతిని తాకే ముఖం ఆకాశం వైపు తిరిగితే అది తిన్నని చేతికి, కొస నేలకి వాలితే వంపు చేతికి నప్పుతుందని లెక్క. మణికట్టు మరీ కదిలేవాళ్లు లావు పిడి వేయించుకుంటారు. ముందు చేతిని చూస్తారు, తర్వాత కర్రని ఎంచుతారు. చేతిని ఎవరూ తిట్టరు!

మరి మన ఇళ్లల్లో? ఎడంచేత్తో బలపం పట్టిన పిల్లకి వేళ్లమీద ఒకటి వేసి కుడిచేతికి మారుస్తాం. కుడిచేతివాళ్ల కోసం చేసిన కత్తెర ఇస్తాం. గుడ్డ వంకరగా తెగితే “దీనికి పని రాదమ్మా” అని పక్కింటావిడకి చెబుతాం. చేతకానిది పిల్లా, కత్తెరా? అత్తగారి ఎత్తుకి కట్టించిన వంటగట్టు దగ్గర పొట్టి కోడలి మీద పడే మాటలూ ఈ జాతివే. భద్రాచలంలో రాములవారిని చూశారా? శంఖం కుడిచేతిలో, చక్రం ఎడమచేతిలో ఉంటాయి. మామూలుగా విష్ణుమూర్తికి ఉండేదానికి తారుమారు. కళ్లకద్దుకుని వస్తామే గాని, “చేతులు మార్చుకో స్వామీ” అని ఎవరమూ అనం కదా!

ఏకలవ్యుడు గురువు బొమ్మ ముందు తన పట్టు తానే సాధించుకున్నాడు. ద్రోణుడు అడిగింది సరిగ్గా ఆ పట్టునే. బొటనవేలు పోయాక మిగిలిన వేళ్లతో బాణం వేశాడు గాని, మునుపటి వేగం రాలేదు. పిల్లల సొంత పట్టు విడిపించిన ప్రతిసారీ మనమూ ఆ గురుదక్షిణలో కొంత అడుగుతున్నట్టే.

అయితే అన్నీ మన చేతికి తగ్గట్టే ఉండాలంటే ఇక సాధన ఎందుకంటారా? సబబైన ప్రశ్నే. గోల్ఫులో కొందరు పొడుగాటి పట్టర్ కొసని పొట్టకో గుండెకో ఆనించి ఆడేవారు. 2016 జనవరి నుంచి అలా ఆనించి కొట్టడం నిషేధం. పరీక్ష పెట్టిందే చేతి నిలకడకి. కర్రని ఒంటికి ఆనించాక చేతికి పరీక్షేముంది? కానీ జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌ని చూడండి. 1985లో మాస్టర్స్ పోటీ గెలిచినవాడే. పట్టర్ పట్టుకుంటే చెయ్యి వణికే అవస్థ అతన్ని మళ్లీ మళ్లీ పీడించింది. పట్టుని రకరకాలుగా మార్చుకుని 1993లో మళ్లీ అదే పోటీ గెలిచాడు. అది తప్పని ఎవరూ అనలేదు.

గీత ఇక్కడే ఉందనిపిస్తుంది. పనిముట్టు మన అడ్డు తీసెయ్యాలి గాని, మన పని అది చెయ్యకూడదు. ఎడంచేతి పిల్లకి ఎడంచేతి కత్తెర కొనిపెట్టండి. గుడ్డ మాత్రం అదే కత్తిరించుకోవాలి. అప్పుడూ వంకర పోతే, సామెత ఎలాగూ ఉంది, ఎక్కడికీ పోదు!