చీటీ పడని యోసేపు

మార్చి నెల వచ్చిందంటే అమెరికాలోని పెద్ద కళాశాలల అడ్మిషన్ ఆఫీసులకు ఊపిరి సలపదు. చలికాలమంతా చదివిన వేలాది దరఖాస్తుల మీద ఆఖరి మాట చెప్పవలసిన నెల అది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థ తన నిర్ణయాలను సాధారణంగా మార్చి 14 ప్రాంతంలో తెలియజేస్తుంది. ఆ దేశంలో నెలను ముందు, తేదీని తరువాత రాస్తారు గనుక మార్చి 14 అంటే 3.14. గణితంలో ‘పై’ అనే సంఖ్య విలువ అదే కాబట్టి లెక్కలంటే ఇష్టపడే పిల్లలకు అదొక సరదా. కాని ఆ రోజు సంతోషించేవారు కొద్దిమందే. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ దరఖాస్తు పెట్టిన నూరుమందిలో సీటు దొరికినవారు ఐదుగురికి లోపే. మిగిలినవారు తెలివి తక్కువవారా? కాదు. చదువులో తగినవారు సీట్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటారు.

ఆ మార్చి నెలలోనే అటువంటి పిల్లలు చాలామంది వ్యాయామశాలల్లో రోబోట్లను పోటీకి దించుతూ ఉంటారు. డీన్ కేమెన్ అనే ఇంజనీరు 1989లో ‘ఫస్ట్’ అనే సంస్థను స్థాపించాడు. 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఒక పాఠశాల వ్యాయామశాలలో 28 జట్లతో మొదటి పోటీ జరిగింది. నేడు అనేక దేశాల నుండి వేలాది జట్లు ఇందులో పాల్గొంటున్నాయి. జనవరిలో ఆ సంవత్సరపు ఆట నియమాలు చెబుతారు. కొద్ది వారాలలో పిల్లలు రోబోటును తయారు చేయాలి. మార్చిలో ప్రాంతీయ పోటీలు, ఏప్రిల్‌లో అంతిమ పోటీ. ఒక్కొక్క ఆట సుమారు రెండున్నర నిమిషాలు. ఆ కాస్త సమయం కోసం పిల్లలు ఎన్నో రాత్రులు నిద్ర మానుకుంటారు.

ఈ పోటీలో ఒక విశేషం ఉంది. మూడు జట్లు ఒక పక్షం, మూడు జట్లు మరొక పక్షం. ప్రాథమిక దశలో ఆట ఆటకూ పక్షాలు మారిపోతాయి. ఈ ఆటలో నా పక్షాన నిలిచినవాడు మరుసటి ఆటలో నాకు ప్రత్యర్థి కావచ్చు. అందుచేత పక్కవాడిని శత్రువుగా చూడటం అక్కడ కుదరదు. ఈ పోటీ రూపుదిద్దుకోవడంలో పాలుపంచుకున్న ఎం.ఐ.టి. ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్, 2019లో మరణించారు, సౌజన్యంతో కూడిన వృత్తినిష్ఠ అనే భావాన్ని పిల్లలకు అలవాటు చేశారు. గెలవడానికి శక్తివంచన లేకుండా పాటుపడు, అయితే నీతో పోటీపడేవాణ్ణి గౌరవించు, అవసరంలో ఆదుకో అని దాని సారాంశం. ఒక జట్టు రోబోటులో మోటారు కాలిపోతే మరొక జట్టు తమ దగ్గర అదనంగా ఉన్నది తెచ్చి ఇవ్వడం అక్కడ మామూలే. ఆ పోటీల్లో అత్యున్నత బహుమతి కూడా గెలిచిన రోబోటుకు ఇవ్వరు, తోటివారికి, సమాజానికి మేలు చేసిన జట్టుకు ఇస్తారు.

పాఠక మిత్రులారా, ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. పొరుగువాణ్ణి నీవలె ప్రేమించమన్నారు ప్రభువు. కాని ఆ పొరుగువాడే నా ప్రత్యర్థి అయినప్పుడు? నేనిచ్చిన మోటారుతో అతడు నన్నే ఓడిస్తే? ఇది నా ఒక్కడి ఓటమి అయితే త్యాగం అనుకోవచ్చు. కాని నా జట్టులో ఇంకా ఇరవైమంది పిల్లలున్నారు, వారూ రాత్రులు మేలుకొని పనిచేశారు. వారి గెలుపును దానం చేసే హక్కు నాకెక్కడిది? ఈ అభ్యంతరాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. ఇతరుల సొత్తుతో చేసే దానం దానం కాదు.

అయితే నిదానంగా ఆలోచిద్దాం. ఆ జట్టు కష్టపడి సంపాదించుకున్నది ఏమిటి? తమ యంత్రం, తమ నేర్పు, బరిలో నిలిచే అవకాశం. అవన్నీ వారి దగ్గరే ఉన్నాయి, మోటారు ఇచ్చినంత మాత్రాన ఒక్కటీ తగ్గలేదు. ఎదుటివాడి మోటారు కాలిపోవడం మాత్రం మన కష్టార్జితం కాదు. వాడి నష్టం మనకు హక్కుగా రాదు. కాబట్టి అదనంగా ఉన్న వస్తువును ఇచ్చినవాడు జట్టు సొత్తును దోచిపెట్టలేదు, తనది కానిదాన్ని తీసుకోవడానికి నిరాకరించాడు, అంతే. పోటీ పాపం కాదు. ఎదుటివాడు పడిపోవాలని కోరుకోవడమే పాపం.

ఇక్కడితో చిక్కు తీరిందా? లేదు. ఈ పిల్లల దరఖాస్తులు అడ్మిషన్ ఆఫీసుకు వెళతాయి. అక్కడ మార్కులతో పాటు ఈ పిల్ల తోటివారికి ఏం చేసింది, నలుగురితో ఎలా మెలగింది అని కూడా చూస్తారు. చూడటం మంచిదే. కాని మంచితనానికి విలువ కట్టిన రోజునే దానికి నకిలీ కూడా పుడుతుంది. సీటు కోసం చేసిన సేవ సేవేనా? దరఖాస్తులో రాసుకోవడానికి ఇచ్చిన మోటారు దానమేనా? కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియనివ్వవద్దన్న ప్రభువు బోధ ఈ కాలపు పిల్లలకే చెప్పినట్లుంటుంది.

ఈ నకిలీ ఎంతదూరం పోగలదో 2019 మార్చిలో లోకానికి తెలిసింది. అమెరికాలో 50 మంది మీద కేసులు పెట్టారు. కొందరు ధనిక తల్లిదండ్రులు ఒక దళారికి లక్షల డాలర్లు ఇచ్చి, పరీక్షల జవాబులు దిద్దించి, ఎన్నడూ ఆడని ఆటలో తమ పిల్లలు క్రీడాకారులని దొంగ ఫోటోలు సృష్టించి, పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీట్లు కొన్నారు. ఆ దళారికి 2023లో మూడున్నర సంవత్సరాల జైలుశిక్ష పడింది. అందరికంటే జాలిగొలిపేది ఆ పిల్లల సంగతి. వారిలో కొందరికి తమ తల్లిదండ్రులు చేసిన పని తెలియనే తెలియదు. తెలిసిన రోజున వారికి అర్థమైనదేమిటి? నీవు నీవుగా చాలవని మీ అమ్మానాన్నలు అనుకున్నారు అని. ఏ సీటు ఆ గాయాన్ని మాన్పగలదు?

మరి అడ్మిషన్ ఆఫీసులో కూర్చున్నవారి మాట? వారి ముందు ఉన్నవి కాగితాలు. హృదయం కాగితం మీద కనబడదు. నిజంగా ఇచ్చినవాడెవరో, చూపించుకోవడానికి ఇచ్చినవాడెవరో వారు పూర్తిగా తేల్చలేరు. అయినా తేల్చక తప్పదు. సీట్లు పరిమితం.

ఈ ఇబ్బంది తిరుసభకు మొదటి రోజులలోనే వచ్చింది. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం చూడండి. యూదా స్థానం ఖాళీ అయింది. ఆ స్థానానికి కావలసిన అర్హత ఏమిటో పేతురు చెప్పాడు. యోహాను జ్ఞానస్నానం నాటి నుండి ప్రభువు ఆరోహణం వరకు వెంట ఉన్నవాడై ఉండాలి. ఇద్దరు తేలారు. ఒకరు బర్సబ్బా అనబడే యోసేపు, మరొకరు మత్తియ. ఇద్దరూ తగినవారే. సీటు మాత్రం ఒక్కటే. అప్పుడు శిష్యులు, అందరి హృదయాలు ఎరిగిన దేవుణ్ణి ప్రార్థించి చీట్లు వేశారు. చీటీ మత్తియ పేరున పడింది.

ఆ సాయంకాలం యోసేపు ఏమనుకొని ఉంటాడు? లేఖనం చెప్పదు. కాని అతడు పనికిరానివాడని కూడా ఎక్కడా చెప్పదు. యోహాను జ్ఞానస్నానం నాటి నుండి ప్రభువు వెంట నడిచిన ఆ సంవత్సరాలు చీటీ పడనందువల్ల చెరిగిపోలేదు. మరొక సంగతి గమనించండి. ఎన్నికైన మత్తియ పేరు కూడా ఆ తరువాత బైబిలు గ్రంథంలో మళ్ళీ కనబడదు. అతనికి దొరికినది కిరీటం కాదు, ప్రభువు ఉత్థానానికి సాక్ష్యమిచ్చే పని. చీటీ పడనివాడికి ఆ పని లేకుండా పోయిందా? సాక్ష్యమివ్వడానికి పన్నెండుగురిలో ఒకడు కానక్కరలేదు.

దూరదేశపు సంగతి మనకెందుకు అనుకోవద్దు. మన విచారణల నుండి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఆ వ్యాయామశాలల్లో ఉన్నారు, ఆ ఉత్తరాల కోసం ఎదురుచూస్తున్నారు. ఇక్కడ మన ఇళ్ళలో ఏప్రిల్, మే నెలలంటే ఇంటర్ ఫలితాలు, ప్రవేశపరీక్షలు, ర్యాంకులు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లుల దుఃఖం తలచుకుంటే కలం సాగదు. ఫలితం చూసుకొని వచ్చిన బిడ్డకు గుమ్మంలో వినిపించే మొదటి మాట ఎంతో బరువైనది. ‘పక్కింటి అబ్బాయికి వచ్చిందే’ అనే మాట ఆ రోజున అనవద్దు. ‘అన్నం తిన్నావా?’ అని అడగండి. మిగిలినవి రేపు మాట్లాడుకోవచ్చు.

పిల్లలకు ఒక మాట. నీ నోట్సు స్నేహితునికి ఇస్తే వాడికి నీకంటే మంచి ర్యాంకు వస్తుందేమోనన్న భయం సహజం. వచ్చినా రావచ్చు. ఇవ్వు. ఎవరికీ చెప్పకు. ఆ ర్యాంకు వాడి కష్టంతో వచ్చినది. ఇచ్చిన మనసు నీది, దాన్ని ఏ కౌన్సెలింగులోనూ ఎవరూ తీసుకోలేరు.

తమకు వచ్చిన సీట్లలో ఏది ఎంచుకున్నదీ అమెరికా విద్యార్థులు కళాశాలలకు తెలపడానికి వాడుకగా ఉన్న గడువు మే 1. ఆ రోజునే తిరుసభ శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగ చేస్తుంది. 1955లో పన్నెండవ భక్తినాథ పోపుగారు నెలకొల్పిన పండుగ అది. మే 14న పునీత మత్తియగారి పండుగ. పంచాంగంలో బర్సబ్బా యోసేపుకు అంత పేరున్న పండుగ లేదు. ఈ సంవత్సరం మత్తియగారి పండుగనాడు పూజకు వెళ్ళినప్పుడు, ఆ రెండవవాణ్ణి కూడా తలచుకుందాం. చీటీ పడని మన పిల్లలందరి కోసం ఒక పరలోక జపం చెప్పుకుందాం.